ఫ్యామిలీ ట్రస్ట్ పెట్టే ముందు డీడ్ లో ఏ మాటలు చూసుకోవాలి: మా తమ్ముడి కోసం మేం చేసిన పని

మా తమ్ముడికి 28 ఏళ్ళు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ, డబ్బు లెక్క తెలీదు, చేతిలో వంద పెట్టినా ఐదొందలు పెట్టినా వాడికి ఒకటే. నాన్న రిటైర్ అయిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ ఇదే మాట, మేం పోయాక వీడి సంగతేంటి అని. నేను బెంగళూరులోనే, రామ్మూర్తి నగర్ లో అమ్మావాళ్ళ ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటా, చెల్లి న్యూజెర్సీలో సెటిల్ అయింది. రెండేళ్ళు తిరిగి, లాయర్లని ఆడిటర్లని కలిసి, ఒకసారి తప్పు డీడ్ (ట్రస్ట్ షరతులన్నీ రాసుకునే పత్రం) రాయించుకుని దాన్ని చింపేసి, చివరికి వాడి కోసం ఒక ప్రైవేట్ ట్రస్ట్ పెట్టాం. మనవాళ్ళలో చాలామంది ఈమధ్య అడుగుతున్నారు, ట్రస్ట్ పెడితే ట్యాక్స్ ఉండదంట కదా అని, అందుకే మేం నేర్చుకున్నదంతా రాస్తున్నా.

ముందు ఆ ట్యాక్స్ మాటే తేల్చుకుందాం. మనిషి పోయాక ఆస్తి పిల్లలకి వస్తే ఇప్పుడు మన దేశంలో దానిమీద పన్ను లేదు. ఒకప్పుడు ఉండేది, 1953లో ఎస్టేట్ డ్యూటీ తెచ్చారు, పెద్ద ఆస్తుల మీద 85 శాతం దాకా వెళ్ళింది, 1985లో ఎత్తేశారు. గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయింది, వెల్త్ ట్యాక్స్ 2015లో పోయింది. అంటే వారసత్వపు పన్ను తప్పించుకోడానికి ట్రస్ట్ పెట్టాలని ఎవరైనా చెప్తే, లేని పన్నుకి మందు అమ్ముతున్నట్టే. ఇక మిగిలింది ఏటేటా వచ్చే ఆదాయం మీద పన్ను, అద్దె, వడ్డీ, డివిడెండ్లు. దాంట్లో తగ్గేది నిజంగానే ఉంది, కానీ పెద్దయిన, తెలివిగా డబ్బు చూసుకోగల పిల్లలుంటే అదే తగ్గింపు మామూలు గిఫ్ట్ డీడ్ తోనే వస్తుంది, దానికి ట్రస్ట్ ఎందుకు? ట్రస్ట్ కావాల్సింది ఇచ్చిన డబ్బుని ఇంకొకరు జాగ్రత్తగా చూడాల్సిన చోట. మా తమ్ముడిలాంటి పిల్లలకి, చిన్నపిల్లలకి, చేతిలో డబ్బు నిలవనివాళ్ళకి, పెద్ద వయసులో మతిమరుపు వస్తున్నవాళ్ళకి. అలాంటి అవసరం లేనివాళ్ళు వీలునామా రాసుకుని హాయిగా ఉండొచ్చు అని నా అభిప్రాయం.

ఇందులో మనుషులు ముగ్గురే. ఆస్తి ఇచ్చేవాడు సెట్లర్, చూసుకునేవాడు ట్రస్టీ, అనుభవించేవాడు బెనిఫిషియరీ. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రకారం నడుస్తుంది. గుళ్ళకీ స్కూళ్ళకీ పెట్టే చారిటీ ట్రస్ట్ వేరు, ఇది వేరు. ఈ తేడా బ్యాంకుల్లో కూడా అందరికీ తెలీదు, మేం అకౌంట్ కి వెళ్తే ఒక బ్రాంచిలో చారిటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెమ్మని మూడుసార్లు తిప్పారు, ఇది ప్రైవేట్ ట్రస్ట్ అండి, దానికి అది ఉండదు అని ఎంత చెప్పినా వినలా, చివరికి ఇంకో బ్యాంకుకి వెళ్ళాం.

ఇప్పుడు అసలు విషయం. నాన్న రిటైర్మెంట్ డబ్బులో 40 లక్షలు తమ్ముడికని పక్కన పెట్టారు. ఎఫ్‌డీలో 7 శాతం లెక్కన ఏడాదికి 2,80,000 వడ్డీ. పెన్షన్, అద్దె అన్నీ కలిపి నాన్న 20 శాతం స్లాబ్ లో ఉన్నారు. ఈ ఒక్క డబ్బు మీద డీడ్ లో రాసే మాటని బట్టి పన్ను మూడు రకాలుగా మారుతుంది, మా ఆడిటర్ గారు కాగితం మీద గీసి చూపించిన లెక్క ఇది.

మొదటి రకం, నాన్నకి ఎప్పుడు కావాలంటే అప్పుడు ట్రస్ట్ రద్దు చేసుకునే హక్కు ఉందని రాస్తే. దీన్ని రివోకబుల్ అంటారు. ఆదాయపు పన్నువాళ్ళ దృష్టిలో ఆ డబ్బు ఇంకా నాన్నదే, వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది, సెస్ తో కలిపి 58,240 కట్టాలి. పూర్తిగా రద్దు చేసే హక్కే అక్కర్లేదు, ఆస్తిలో గానీ ఆదాయంలో గానీ కొంత భాగం మళ్ళీ ఇచ్చినవాడికి తిరిగొచ్చేలా ఒక్క క్లాజ్ ఉన్నా అదే కథ. మేం మొదట రాయించుకున్న డీడ్ లో సరిగ్గా ఇదే ఉంది, డాక్యుమెంట్ రైటర్ ఎవరిదో పాత డీడ్ లోంచి ఎత్తి పెట్టాడు, మేమూ చూసుకోలేదు. నిజం చెప్పాలంటే నాన్నకి ఆ క్లాజ్ నచ్చింది కూడా, నలభై ఏళ్ళు కష్టపడి కూడబెట్టింది ఒక్క సంతకంతో చెయ్యి దాటిపోతుందంటే ఎవరికైనా గుండె ఆగినట్టే ఉంటుంది. అందుకే మేం మొత్తం డబ్బు కాకుండా, ఆయనకీ అమ్మకీ చివరిదాకా సరిపోయేది పక్కన పెట్టుకుని మిగిలిందే ఇందులో వేశాం. మీరూ అలాగే చెయ్యండి, తిరిగి తీసుకోవాల్సి వస్తుందేమో అనిపించే రూపాయి ఏదీ ట్రస్ట్ లో పెట్టొద్దు.

రెండో రకం, రద్దు చేసే వీల్లేదు గానీ ముగ్గురు పిల్లల్లో ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టం అని రాస్తే. ఇది డిస్క్రిషనరీ. దీంట్లో ఎవరి వాటా ఎంతో డీడ్ లో తేలదు కాబట్టి మొదటి రూపాయి నుంచే పై రేటు పడుతుంది, 30 శాతం మీద సెస్, ఆదాయాన్ని బట్టి సర్‌చార్జి. 2,80,000 కి కనీసం 87,360. బెనిఫిషియరీల్లో ఎవరికీ పన్ను కట్టేంత సొంత ఆదాయం లేకపోతే, వాళ్ళకి వేరే ట్రస్ట్ ఏదీ లేకపోతే ఈ పై రేటు నుంచి మినహాయింపు ఉంది, కానీ నేనూ చెల్లీ ఉద్యోగాలు చేస్తున్నాం, మా పేర్లు అందులో ఉండటం వల్లే ఆ మినహాయింపు పోతుంది. ప్రేమతో అందరి పేర్లూ రాద్దాం అనుకుంటే నష్టపోయేది తమ్ముడే.

మూడో రకం, మేం చేసింది. రద్దు చెయ్యలేని ట్రస్ట్, బెనిఫిషియరీ తమ్ముడు ఒక్కడే, వాడి తర్వాత మిగిలింది నాన్న మనవళ్ళకి మనవరాళ్ళకి. వాటా తేలిపోయింది కాబట్టి ఆ వడ్డీని తమ్ముడి ఆదాయంగానే చూస్తారు. 2025 బడ్జెట్ లో పెట్టిన కొత్త రెజీమ్ స్లాబుల్లో 4 లక్షల దాకా పన్నే లేదు, వాడికి వేరే ఆదాయం లేదు, కాబట్టి సున్నా. డబ్బు అదే, ఇచ్చిన మనిషీ అదే, డీడ్ లో నాలుగు లైన్ల తేడా.

ఇక్కడ క్లబ్బింగ్ గురించి, అంటే ఒకరి ఆదాయాన్ని ఇంకొకరి ఆదాయంలో కలిపి పన్ను వెయ్యడం గురించి తెలుసుకోవాలి, లేకపోతే మూడో రకం రాసినా ఫలితం ఉండదు. భార్య కోసం గానీ కోడలి కోసం గానీ ట్రస్ట్ పెడితే ఆ ఆదాయం తిరిగి ఇచ్చినవాడి లెక్కలోకే వస్తుంది. మైనర్ పిల్లల ఆదాయం కూడా అంతే, తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళ దాంట్లో కలుపుతారు. కానీ 18 దాటిన కొడుకూ కూతురికి క్లబ్బింగ్ లేదు. ఇంకో ముఖ్యమైనది, చట్టం చెప్పిన వైకల్యం ఉన్న పిల్లలైతే మైనర్ అయినా వాళ్ళ ఆదాయం తల్లిదండ్రులకి కలపరు. ఇది తెలీక మేం పదేళ్ళ పైన వాడి పేరు మీద ఏమీ పెట్టకుండా అంతా నాన్న పేరునే ఉంచాం. మీ ఇంట్లో అలాంటి చిన్న పిల్లో పిల్లాడో ఉంటే డిసెబిలిటీ సర్టిఫికెట్ ముందు చేయించండి, రేపు ఎల్లుండి అనొద్దు.

సెక్షన్ నంబర్లు కావాలనే రాయట్లేదు, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో 1961 నాటి నంబర్లన్నీ మారిపోయాయి, పాత నంబర్లు పట్టుకుని వెతికితే తికమక అవుతుంది. మీ ఆడిటర్ ని అడగండి, చెప్తారు.

చూసుకోవాల్సిన ఇంకో మాట, "మాత్రమే". ఎవరైనా 50,000 దాటి డబ్బు ఊరికే ఇస్తే తీసుకున్నవాళ్ళకి పన్ను పడుతుంది, ట్రస్ట్ తీసుకున్నా అంతే. మినహాయింపు ఎప్పుడంటే, ఆ ట్రస్ట్ ఇచ్చినవాడి బంధువుల కోసం మాత్రమే పెట్టినదైతే. మాత్రమే అన్నది గట్టి మాట. అమ్మ ఏమందంటే, మా ఇంట్లో పాతికేళ్ళుగా పని చేస్తున్న అక్క ఉంది, తమ్ముడికి అన్నం తినిపించి పెంచింది ఆమే, ఆమెకి కూడా అందులో ఏదైనా రాయండి అని. రాస్తే మొత్తం 40 లక్షల మినహాయింపే ప్రమాదంలో పడేది. అందుకని ఆమెకి ఇవ్వాల్సింది నాన్న వీలునామాలో వేరుగా రాశారు. బంధువు అంటే కూడా మనం అనుకునే బంధువు కాదు, చట్టంలో లిస్టు ఉంది. పిల్లలు, మనవళ్ళు, భార్య లేదా భర్త, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు, వాళ్ళ తోబుట్టువులు, ఇలా. అన్న కొడుకు ఆ లిస్టులో లేడు. బాబాయి నేరుగా అన్న కొడుక్కి గిఫ్ట్ ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే తీసుకునేవాడి వైపు నుంచి చూస్తే బాబాయి బంధువే, కానీ అదే బాబాయి అన్న కొడుకు కోసం ట్రస్ట్ పెడితే అక్కడ చూసేది బాబాయికి వాడు బంధువా అని, అప్పుడు కాదు. పెళ్ళి కాని బాబాయిలు, పిన్నులు ఉన్న ఇళ్ళలో ఈ పొరపాటు జరిగే అవకాశం చాలా ఎక్కువ.

ఏది పెట్టాలి ఏది పెట్టకూడదు అన్నదాని మీదే మాకు ఎక్కువ టైం పట్టింది. అమ్మానాన్న ఉంటున్న ఇల్లు పెట్టలేదు, పెద్దవయసులో సొంత ఇంట్లో ట్రస్టీల దయ మీద ఉండాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. అది వీలునామాలో ముందు అమ్మకి. హూడి దగ్గర అద్దెకిచ్చిన ఫ్లాట్ ఒకటి ఉంది, దాన్ని ఇప్పుడే ట్రస్ట్ కి రాద్దామనుకున్నాం. క్యాపిటల్ గెయిన్స్ సమస్య లేదు, రద్దు కాని ట్రస్ట్ కి ఇస్తే దాన్ని అమ్మకంగా చూడరు, రేపు ట్రస్ట్ అమ్మినప్పుడు నాన్న 2009లో కొన్న ధర, కొన్న తేదీనే లెక్కలోకి వస్తాయి. ఆపింది స్టాంప్ డ్యూటీ. స్థిరాస్తి అయితే డీడ్ రాతపూర్వకంగా ఉండి రిజిస్టర్ అవ్వాల్సిందే. కర్ణాటకలో కుటుంబ సభ్యులకి గిఫ్ట్ డీడ్ రాస్తే నామమాత్రపు డ్యూటీతో అయిపోతుంది, కానీ ట్రస్ట్ కొడుకూ కాదు కూతురూ కాదు, ఆ రాయితీ దానికీ వస్తుందని అనుకుని వెళ్ళొద్దు. అమ్మకం లెక్కన 5 శాతం డ్యూటీ, దాని మీద సెస్, సర్‌చార్జి, పైన రిజిస్ట్రేషన్ ఫీజు పడితే 60 లక్షల గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం కట్టే విలువ) మీద 3 లక్షల పైనే. నాన్న స్లాబ్ లో ఆ అద్దె మీద ఆదా అయ్యే పన్ను చూస్తే ఏళ్ళు పడుతుంది అది తిరిగి రావడానికి. అందుకని ఫ్లాట్ ని నాన్న తర్వాత ట్రస్ట్ కి చెందేలా వీలునామాలో రాశాం, వీలునామా ద్వారా వెళ్ళేదానికి స్టాంప్ డ్యూటీ లేదు. 30 శాతం స్లాబ్ లో ఉండి పెద్ద అద్దెలు వచ్చేవాళ్ళకి లెక్క వేరుగా రావచ్చు, మీ అంకెలతో వేసుకోండి. ఏది చేసినా ముందు ఈ-ఖాతా (ఇక్కడి ఆస్తి రికార్డు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) సరిగ్గా ఉన్నాయో చూడండి, లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోకుండా ఏమీ కదలదు.

హిందూపురం దగ్గర తాతముత్తాతల నుంచి వచ్చిన మా చింతతోపు, నాలుగెకరాల మెట్ట ఉంది. అది పిత్రార్జితం. నాన్న ఒక్కరే సంతకం పెట్టి ట్రస్ట్ లో వేసేస్తే చెల్లదు, నాకూ చెల్లికీ తమ్ముడికీ పుట్టుకతోనే వాటా ఉంది. ఆంధ్రలో అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకి ఆ హక్కు 1985 నుంచే ఉంది, కర్ణాటకలో 1994లో వచ్చింది, దేశమంతా 2005లో, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇంకోటి, చెల్లిలా బయట ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమిని కొనలేరు, గిఫ్ట్ గా తీసుకోలేరు, వారసత్వంగా మాత్రం రావచ్చు. కాబట్టి పొలాన్ని ఈ ట్రస్ట్ గొడవలోకి లాగలేదు. భూమి ఏ ఊళ్ళో ఉంటే అక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గరే రిజిస్ట్రేషన్ అన్న రూలు కూడా గుర్తుంచుకోండి, బెంగళూరులో ట్రస్ట్ పెట్టి హిందూపురం పొలం ఇక్కడ రాయిస్తామంటే కుదరదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి. అక్కడ పన్ను కట్టే మనిషికి ఇక్కడి ట్రస్ట్ నుంచి డబ్బు వెళ్తే వాళ్ళు అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ కి 3520 అనే ఫారం వెయ్యాలి, వెయ్యకపోతే వచ్చిన దాంట్లో 35 శాతం గానీ 10,000 డాలర్లు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఇక్కడ పైసా పన్ను తగ్గించబోయి అక్కడ చెల్లి నెత్తిన పెద్ద బండ పెట్టినట్టవుతుంది. చెల్లి తనే చెప్పింది, నా పేరు వద్దక్కా అని. వీలైతే వాళ్ళ వాటా ట్రస్ట్ బయట ఇవ్వండి.

ట్రస్టీలుగా ముందు నాన్న, అమ్మ, నేను. చట్టంలో ఉన్న రూలు ఏంటంటే డీడ్ లో వేరే రాయకపోతే ట్రస్టీలందరూ కలిసే ఏ పనైనా చెయ్యాలి. అంటే ఒక్కరు ఊళ్ళో లేకపోయినా, హాస్పిటల్లో ఉన్నా, బ్యాంకులో పని ఆగుతుంది. అందుకే ఏ ఇద్దరు సంతకం పెట్టినా చాలు అని రాయించాం. తర్వాత ఎవరు అన్నది కూడా వరసగా రాయండి, నా తర్వాత మా ఆయన కాదు, మా మేనమామ కూతురు, తనకి తమ్ముడంటే ప్రాణం. పెట్టుబడి గురించి కూడా స్పష్టంగా రాయాలి, మ్యూచువల్ ఫండ్స్ లో పెట్టొచ్చు, ఎఫ్‌డీల్లో పెట్టొచ్చు అని డీడ్ లో అనుమతి లేకపోతే ట్రస్టీ చట్టం చెప్పిన వాటిలోనే పెట్టాల్సి వస్తుంది. బెనిఫిషియరీ తరఫున లెక్కలు చూసే హక్కు ఉంటుంది, ప్రతి ఏడాది లెక్కల కాపీ చెల్లికి పంపాలని మేం ప్రత్యేకంగా పెట్టాం, రేపు నా మీద ఎవరికీ అనుమానం రాకూడదు.

డీడ్ ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మకి నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లైను లైనుకీ తెలుగులో చెప్పా. బెనిఫిషియరీ చదువు, వైద్యం, పోషణ కోసం ఖర్చు పెట్టాలి అన్న లైను దగ్గర ఆపింది. "శనివారం వాణ్ణి మసాలా దోశకి తీసుకెళ్తాం కదే, అది దీంట్లో దేని కిందకి వస్తుంది?" అంది. లాయర్ గారికి ఫోన్ చేసి అడిగితే ఆయనా ఒక్క నిమిషం ఆలోచించి, వినోదం, ప్రయాణాలు, సంతోషం కోసం చేసే ఖర్చులు అని ఇంకో లైను కలిపారు. రేపు ట్రస్టీగా ఇంకెవరో వచ్చి దోశ పోషణ కాదు అనకూడదు కదా. మీరూ ఇంట్లో పెద్దవాళ్ళకి డీడ్ చదివి వినిపించకుండా సంతకం పెట్టించొద్దు, వాళ్ళకి వచ్చే ప్రశ్నలు లాయర్ కి రావు.

సంతకాలయ్యాక పనులు త్వరగానే అయ్యాయి. మాది డబ్బు మాత్రమే కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాం, బ్యాంకువాళ్ళు నోరెత్తరు. ట్రస్ట్ కి వేరే పాన్ తీసుకోవాలి, నాలుగో అక్షరం టీ అని వస్తుంది. తర్వాత బ్యాంకు అకౌంట్, ఆ అకౌంట్ కే నాన్న ట్రాన్స్‌ఫర్. ప్రతి ఏడాది రిటర్న్ వెయ్యాలి, ఒకే ఆదాయానికి ట్రస్టీ దగ్గరో బెనిఫిషియరీ దగ్గరో ఒక్కచోటే పన్ను, రెండుసార్లు కాదు. ట్రస్ట్ పేరు మీద వ్యాపారం మాత్రం చెయ్యకండి, వ్యాపార లాభం ఉంటే వాటాలు తేలినా పై రేటే పడుతుంది. అప్పుల్లో మునిగాక అప్పులవాళ్ళ నుంచి దాచడానికి ట్రస్ట్ రాస్తే కోర్టు కొట్టేస్తుంది, అది కూడా మనసులోంచి తీసెయ్యండి.

ఇంత డబ్బు లేదు, లాయర్ల ఖర్చు పెట్టలేం అనేవాళ్ళకి ఒక దారి ఉంది, చాలామందికి తెలీదు. పెళ్ళైన మగవాళ్ళు తమ మీద లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ కింద కావాలని ఫారం నింపి ఇస్తే చాలు, ఆ పాలసీ డబ్బు భార్యాపిల్లల కోసం ట్రస్ట్ అయిపోతుంది, అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే అడగాలి, తర్వాత పేర్లు మార్చలేరు.

ట్రస్ట్ డబ్బునే చూస్తుంది, మనిషిని కాదు. 18 దాటిన పిల్లలకి తల్లిదండ్రులైనా సరే చట్టం ప్రకారం గార్డియన్ కాదు, మళ్ళీ వేయించుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, ఇక్కడ డీసీ (కలెక్టర్) ఆఫీసు ద్వారా. మేం అప్లై చేసి నాన్నతో పాటు నన్నూ పెట్టించాం. నిరామయ అని ఆ చట్టం కింద పెట్టిన నేషనల్ ట్రస్ట్ అనే ప్రభుత్వ సంస్థ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, లక్ష దాకా, అది కూడా తీసుకోండి.

చివరగా డీడ్ తో పాటు ఒక ఉత్తరం రాసి పెట్టాం, తమ్ముడి గురించి, ట్రస్టీగా ఎవరొచ్చినా చదవాల్సింది. చట్టంలో దానికి బలం లేదు, అయినా నాకు డీడ్ కన్నా అదే ముఖ్యం. పొద్దున స్నానానికి వేడినీళ్ళే కావాలి, మిక్సీ శబ్దానికి భయం, కొత్తవాళ్ళు చెయ్యి పట్టుకుంటే కొరుకుతాడు, మందులు పెరుగన్నంలో కలిపితేనే తింటాడు, నిద్ర పట్టకపోతే ఫ్యాన్ కింద కూర్చోబెట్టి వీపు మీద తట్టాలి. అమ్మ చెప్తుంటే నేను రాస్తా, ప్రతి ఉగాదికి ఒకసారి మళ్ళీ చదివి మార్చుతాం. ఈసారి రెండు లైన్లు కలిసాయి, దోశతో పాటు ఇప్పుడు కొబ్బరి చట్నీ కూడా తింటున్నాడు, మెట్రో ఎక్కడం ఇష్టం కానీ కిటికీ పక్క సీటైతేనే.